సగం జవాబుల శాఖ

ప్రతి మనిషికీ ఎదురుచూసే హక్కు ఉంది. ఆ హక్కును గుండ్రంగా తిరిగే చక్రం రూపంలో ఇంటింటికీ, ఫోన్ తెర మీదికే చేర్చిన ఘనత మా ఆఫీసుది. అందులోనూ ముఖ్యంగా నాది.

మాది ఒక ఆస్పత్రికి అపాయింట్‌మెంట్లు ఇప్పించే యాప్. పూర్వం రోగులు కౌంటర్ దగ్గర నిలబడి, మధ్యలో దూరినవాణ్ణి తిట్టుకుంటూ అవస్థ పడేవారు. మేం వచ్చాక కౌంటర్ మూసేశారు. ఇప్పుడు ఎవరింట్లో వాళ్లు హాయిగా కూర్చుని అవస్థ పడుతున్నారు.

లోపల జరిగేది చాలా సులువు. యాప్‌కీ ఆస్పత్రికీ మధ్య కొన్ని కనెక్షన్లుంటాయి. వాటన్నిటినీ కలిపి కనెక్షన్ పూల్ అంటాం. అద్దె సైకిళ్ల షాపు అనుకోండి. రోగి ప్రశ్న ఒక సైకిలెక్కి ఆస్పత్రికి వెళ్లి, జవాబు తెచ్చి, సైకిలు షాపులో పెట్టేస్తుంది. తర్వాతి ప్రశ్న అదే సైకిలెక్కుతుంది. పైగా ఇదంతా ఎసింక్రనస్ పద్ధతి. అంటే ఒకరి జవాబు పూర్తి కాకముందే ఇంకొకరి పని మొదలుపెట్టడం. (ఇందులో నాకు పుట్టుకతో వచ్చిన ప్రతిభ ఉందని ఇంట్లోవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు.)

చిక్కల్లా ఏమిటంటే, వెళ్లిన సైకిళ్లు తిరిగి రావడం లేదు. పొద్దున నిండుగా ఉన్న షాపు టీ వేళకి ఖాళీ. ఆ తర్వాత ప్రశ్న అడిగినవాళ్లకి చక్రమే దిక్కు.

ఈ సంగతి నాకు మొదట చెప్పింది అక్క. మోకాలు అరిగిపోయి నానా బాధా పడుతోంది. మూడో అంతస్తులో కాపురం, లిఫ్టు ఉందంటే ఉంది. తను చూపించుకోవాలనుకునే మోకాళ్ల డాక్టరు అపాయింట్‌మెంట్ మా యాప్‌లో తప్ప ఇంకెక్కడా దొరకదు.

"ఒరేయ్, మీ యాప్ పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉందిరా. నేనేమో మెట్లు దిగలేకపోతున్నాను."

"చూస్తున్నాం అక్కా. నువ్వు బాగున్నావు కదా?"

"బాగానే ఉన్నాను గానీ..."

"హమ్మయ్య," అని ఫోన్ పెట్టేశాను. మీటింగుకి వేళయింది.

ఆ మీటింగులోనే నిరీక్షణ నివారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు మా మేనేజరు. కోడ్ రాసింది నేను కాబట్టి, విచారణ నిష్పక్షపాతంగా జరగాలని విచారణాధికారిగా నన్నే వేశారు. నేను క్షుణ్ణంగా విచారించి, నా తప్పేమీ లేదని తేల్చాను. సైకిళ్లు చాలకపోవడమే లోపం. పూల్‌ని పదింతలు చేశాను. సాయంత్రానికి పదింతల సైకిళ్లు తిరిగి రాలేదు. ఆస్పత్రి సర్వర్ ఊపిరాడక పడిపోయింది. (ఆస్పత్రే కదా, వాళ్లే చూసుకుంటారు.)

తర్వాత టైమవుట్ పెంచాను. టైమవుట్ అంటే రోగి ఎంతసేపు ఓపిక పట్టాలో నిర్ణయించే గడువు. ఇంతకుముందు హడావుడిగా నిరాశపడేవాళ్లకి ఇప్పుడు తీరిగ్గా నిరాశపడే వీలు కలిగింది. చక్రం ఎర్రగా ఉంటే జనం కంగారు పడతారని మేనేజరు అంటే ఆకుపచ్చ రంగు వేశాం. ఫిర్యాదులు తగ్గిపోయాయి. ఫిర్యాదుల పేజీ కూడా అదే పూల్ మీద నడుస్తుందన్న మాట సంఘంలో ఎవరూ ఎత్తలేదు. చివరికి గంటగంటకీ మొత్తం ఆపి మళ్లీ మొదలుపెట్టి, దానికి విశ్రాంతి విధానం అని పేరు పెట్టుకున్నాం. మేనేజరు నాకోసం అందరిచేతా చప్పట్లు కొట్టించారు.

అక్క మధ్యమధ్యలో ఫోన్ చేస్తూనే ఉంది. నేనూ ఎత్తుతూనే ఉన్నాను. "ఎలా ఉన్నావ్?" అంటాను. "పర్లేదురా" అంటుంది. నాకు కావాల్సిన జవాబు వచ్చేసింది కనుక ఫోన్ బల్ల మీద పెట్టి, "ఊఁ", "ఆహా", "సూపర్ అక్కా" అంటూ కీబోర్డు కొట్టుకుంటాను. ఒకరోజు చాలాసేపు మాట్లాడింది. ఆ రోజు పని కూడా బాగా సాగింది.

విశ్రాంతి విధానం కూడా బెడిసికొట్టాక, గత్యంతరం లేక, ప్రశ్నల్ని సైకిలెక్కించి పంపే హెచ్‌టీటీపీ క్లయింట్ అనే సాఫ్ట్‌వేర్ తాలూకు సూచనలు తెరిచాను. మొదటి పేజీలోనే ఉంది. వచ్చిన జవాబును చివరిదాకా చదవాలి, లేదా అక్కర్లేదని చెప్పి మూసేయాలి. అప్పటిదాకా కనెక్షన్ తిరిగి పూల్‌లోకి రాదు. ఆ పేజీ నేను ఇదివరకే చదివాను. మొదటి లైను దాకా.

నా కోడ్ చేస్తున్న పనీ అదే. "డాక్టరుగారు ఉన్నారా?" అని అడుగుతోంది. "ఉన్నారు" అని వినపడగానే పచ్చ టిక్కు పెట్టుకుని వెళ్లిపోతోంది. ఏ వేళకి రావాలి, ఏ గదికి రావాలి, ఏ ఎక్స్‌రే తేవాలి అన్న మిగతా జవాబు మోసుకొచ్చిన సైకిలు, ఎవరైనా వింటారేమోనని గుమ్మంలోనే నిలబడి ఉంది. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. చూస్తుంటే నాకు సిగ్గేసింది. (సంఘానికిచ్చిన నివేదికలో మాత్రం సాంకేతిక కారణాలు అని రాశాను.)

ఒక్క లైను మార్చాను. సైకిళ్లన్నీ బిలబిలమంటూ వచ్చేశాయి. చక్రం ఆగింది. అందరికంటే ముందు అక్క పేరు మీద అపాయింట్‌మెంట్ తీసి, పరుగులాంటి నడకతో వరండాలోకి వెళ్లి ఫోన్ చేశాను.

"అక్కా, దొరికేసింది! మోకాళ్ల డాక్టరు! సోమవారం పొద్దున్నే!"



"నాకు ఆపరేషనై వారం దాటిందిరా. మీ బావ వేరే ఆస్పత్రికి తీసుకెళ్లారు. నీకు చెప్పాను కదా. భయంగా ఉందిరా, ఒక్కసారి వచ్చి పక్కన కూర్చోరా అన్నాను. సూపర్ అక్కా అన్నావు."

అలవాటు కొద్దీ, "ఇప్పుడు బాగున్నావా?" అని మాత్రం అనగలిగాను. ఈసారి చివరిదాకా విందామని ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"బాగున్నాను," అంది అక్క.

'గానీ' లేదు. జవాబు పూర్తిగా వచ్చేసింది. కనెక్షన్ వెంటనే విడుదలైంది.