రికార్డు మల్లేశ్వర్ రికార్డింగు

మా ఇంటి గేమ్ బాక్సులో కార్ల పందెం రికార్డు నాదేనని నేను తాండూరులో చెప్పుకున్న మాట అబద్ధం. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం నాకు కాస్త తేలిక.

నేను తాండూరులో ఒక బండల పాలిష్ యూనిట్లో సూపర్‌వైజర్ని. ఉండేది వికారాబాదులో. పొద్దున రైలెక్కి పోతాను, సాయంత్రం తలనిండా రాతి పొడితో తిరిగొస్తాను. రైల్లో కుర్రవాళ్లు నన్ను ముసలాయన అనుకుని సీటిస్తారు. నేనూ కాదనను.

గేమ్ బాక్సు కొన్నది నేనే. ఆడేది మా ఆవిడ నిరోషా. ఆమె బడిలో లెక్కల టీచరు. రోజంతా ఆరో తరగతి పిల్లలతో గొంతు చించుకుని వచ్చి, చాయ్ తాగి, ఓ అరగంట కారు నడుపుతుంది. ఏ మలుపులో ఎక్కడ బ్రేకు వెయ్యాలో ఆమెకు లెక్క. నాకు మలుపు వచ్చిందని గోడను గుద్దాకే తెలుస్తుంది.

అయితే కొన్నవాణ్ణి నేను కనక తెర మీద పేరు నాదే ఉంటుంది. 'మల్లేశ్వర్, ఒక చుట్టు, ఒక నిమిషం పద్నాలుగు సెకన్లు' అని కనిపిస్తే ఫోటో తీసి యూనిట్ గ్రూపులో పెట్టాను. అప్పట్నుంచి అక్కడ నా పేరు రికార్డు మల్లేశ్వర్.

రాళ్లు కోసే మెషీన్ నడిపే యోబు ఒక్కడికే నమ్మకం కుదరలేదు. అతని ఇంట్లోనూ అదే ఆట ఉంది. నెలరోజులు కష్టపడినా నా సెకన్ల దరిదాపుల్లోకి రాలేకపోయాడట. బుధవారం చాయ్ దగ్గర అందరి ముందూ అడిగాడు.

"రికార్డు ఉంటె మంచిదే మల్లేశన్నా. ఆదివారం పదింటికి లైవుల ఆడి చూపెట్టు. నీ మొకం గూడ కనవడాలె."

ముప్పైమంది చేతుల్లో గ్లాసులు ఆగిపోయాయి. ఆ ముప్పైమంది చేత రోజూ పని చేయించాల్సినవాణ్ణి నేను. సరేనన్నాను.

రైలు తాండూరు దాటగానే ఉపాయం తట్టింది. నిరోషా ఆడుతుంటే రికార్డు చేస్తాను. ఆదివారం దాన్ని ల్యాప్‌టాప్ నుంచి లైవులాగా వదులుతాను. మూలన చిన్న గడిలో నా మొహం, నా చేతుల్లో కంట్రోలర్. బొటనవేళ్లు ఆడిస్తే చాలు.

ఇంటికొచ్చి, కేబుల్ టెస్ట్ చేయాలి, ఒక పందెం ఆడమని అడిగాను. నిరోషా నన్ను చూడవలసినదానికంటే కొంచెం ఎక్కువసేపు చూసింది. పక్కవాడి దగ్గర లెక్క చూసి రాసిన పిల్లాణ్ణి ఆమె అలాగే చూస్తుంది.

"కేబుల్ టెస్టింగుకు నేనెందుకు? నువ్వే ఆడొచ్చు గద."

"నీ చెయ్యి మంచిగుంటది."

"చెయ్యా, కేబులా? ఏది టెస్ట్ చేస్తున్నవో ముందు తేల్చుకో."

గురువారం ఆడింది. గేమ్ బాక్సుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య నేను పెట్టిన రికార్డింగ్ డబ్బాలో నల్లటి తెర తప్ప ఏమీ పడలేదు. ఇరవై నిమిషాల అమావాస్య. కేబుల్ తిరగేసి పెట్టాను. నలుపే. బజారుకెళ్లి కొత్త కేబుల్ తెచ్చాను. కొత్త నలుపు. షాపతనికి ఫోన్ చేస్తే అన్నీ ఆపి మళ్లీ వెయ్యమన్నాడు. ఫ్రిజ్‌తో సహా ఆపి వేశాను.

శుక్రవారం ఆ డబ్బాతో విసిగిపోయి ఫోన్‌ను టీవీకి ఎదురుగా పట్టుకుని నించున్నాను. తీరా చూసుకుంటే, టీవీ అద్దంలో బనియను, లుంగీతో నేనూ, నా ముందు సోఫాలో ఆడుతున్న నిరోషా, కారు కన్నా స్పష్టంగా పడ్డాం. ఆ కారు నా పొట్ట మీదుగా పరుగెత్తుతోంది.

శనివారానికి తెలిసిన సంగతేమిటంటే, రికార్డు చేసే మీట గేమ్ బాక్సులోనే ఉంది. అది నొక్కి నిరోషాను మూడోసారి బతిమాలాను. ఆమె మారుమాట లేకుండా కూర్చుంది. ఆ లొంగుబాటు చూసైనా నాకు అనుమానం రావలసింది. నేను మాత్రం నీళ్ల మోటారు వెయ్యడానికి పోయాను. వచ్చాక మొదటి మూడు నిమిషాలు చూశాను. బొమ్మ వచ్చింది, ఇంజను రొద వచ్చింది. ఇంకేం కావాలి?

ఆదివారం పదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని లైవు మొదలుపెట్టాను. ముప్పై ఎనిమిదిమంది చేరారు. మలుపు వచ్చినప్పుడల్లా ఒరిగాను. లేని చెమట తుడుచుకున్నాను. యోబు 'మస్తు నడుపుతున్నవన్నా' అని రాశాడు. ఆ మాట చదివి నిజంగానే నాకు గర్వం వచ్చింది, చూడండి మనిషి బుద్ధి.

ఏడో నిమిషంలో నిరోషా చాయ్ కప్పుతో వచ్చి నా పక్కనే, సరిగ్గా కెమెరాలో పడేట్టు కూర్చుంది. నా గొప్ప చూద్దామని వచ్చిందనుకున్నాను. అంతలో ల్యాప్‌టాప్‌లోంచి ఆమె గొంతే వినపడింది.

"తాండూరు అన్నలకు నమస్తె. గీ కారు నడుపుతున్నది మల్లేశ్వర్ కాదు, ఆయన భార్య నిరోషా. గిది శనివారం ఆడిన ఆట. ఆయన ఉత్తగనె చేతులు ఆడిస్తుండు. నమ్మకుంటె చూడుండ్రి, ఇప్పుడు నేను ఆయన పక్కన కూసొని చాయ్ తాగుతుంట."

నా పక్కన నిరోషా పెదవులు కప్పుకు ఆనించి నెమ్మదిగా తాగుతోంది. నా బొటనవేళ్లు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. ఆగమని వాటికి చెప్పే స్థితిలో నేను లేను.

లైవు ఆపబోయి శబ్దం పెంచే మీట నొక్కాను. చేతులు ఆడిస్తున్న సంగతి రికార్డింగులో ఆమె గొంతు రెండోసారి చెప్పింది. ఈసారి వీధిలోకి కూడా వినపడింది.

చాయ్ దగ్గర యోబు విసిరిన సవాలు సంగతి అతని భార్య రచన బుధవారమే నిరోషాకు ఫోన్లో చెప్పిందట. కంట్రోలర్‌లోనే మైకు ఉంటుందనీ, అది తెరిస్తే మాటలు కూడా ఆటలో రికార్డవుతాయనీ నిరోషాకు తెలుసు. మరి ఏడో నిమిషం దాకా ఎందుకు ఆగిందని అడిగాను.

"నువ్వు మొదలే చూసి లేస్తవని తెలుసు. మా పిల్లలు గూడ మొదటి లెక్క ఒక్కటే సరిచూసుకుంటరు."

ఈలోపు తెర మీద యోబు రాశాడు. 'వదినా, ఇప్పుడే నాతో ఆడుండ్రి, నిజం లైవుల' అని. నిరోషా కప్పు కింద పెట్టి నా చేతుల్లోంచి కంట్రోలర్ తీసుకుంది. రికార్డింగ్ డబ్బా తగిలించాను. మళ్లీ అదే నలుపు. నేను మూడో కేబుల్ కోసం లేచాను. ఆమె కూర్చున్నచోటనుంచే సెట్టింగుల్లోకి వెళ్లి, బొమ్మను ఎవరూ కాపీ చెయ్యకుండా గేమ్ బాక్సు వేసుకునే తాళం ఒకటుంటే దాన్ని తీసేసింది. బొమ్మ వచ్చింది.

"ఇది నీకెప్పటి సంది తెలుసు?" అన్నాను.

"గురువారం సంది."

"మరి చెప్పలేదేంది?"

"కేబుల్ టెస్టింగ్ అన్నవు గద. కేబుల్ మంచిగనె ఉన్నది."

పందెంలో రెండు చుట్లు యోబే ముందున్నాడు. ఆఖరి మలుపులో నిరోషా బ్రేకు ఆలస్యంగా వేసి, లోపలి వైపునుంచి దూరి, అర సెకను తేడాతో గెలిచింది. నేను గట్టిగా చప్పట్లు కొట్టాను. అవి మాత్రం లైవే.

సోమవారం రైల్లో క్షమాపణ బట్టీపట్టుకుంటూ వెళ్లాను. చాయ్ దగ్గర నిలబడి, తప్పు నాదేనని, ఆ సెకన్లన్నీ మా ఆవిడవేనని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అది నవ్వడంకన్నా ఎక్కువ బాధించింది. యోబు గ్లాసు కడిగి పెట్టి, తెలుసు గాని, వదిన మళ్లెప్పుడు ఆడుతదని అడిగాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆడుతుంది. వందమందికి తక్కువ కాకుండా చూస్తారు. నాకూ అందులో ఒక పని దొరికింది. కేబుళ్లు మార్చిమార్చి నేను పీకి పెట్టిన పుణ్యాన రికార్డింగ్ డబ్బాకు కేబుల్ దూరే సందు వదులైంది. పందెం అయ్యేదాకా ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని దాన్ని అదిమి పట్టుకోవాలి.

మొన్న ఆదివారం ఆఖరి చుట్టు నడుస్తోంది. నిరోషా తెర మీదినుంచి కళ్లు తిప్పకుండా అంది.

"నీ తల కెమెరాలకు వస్తున్నది. జర వంగు."

వంగాను.