ఎర్ర ప్లేటు మూత

పొద్దున ఎనిమిదింటికి కావలి కాలేజీ ల్యాబులో ఇంక్యుబేటర్ తెరిచిన రేవతికి, ఎర్రగా ఉండాల్సిన ఈస్టు మల్లెపువ్వులా తెల్లగా కనిపించింది. మూత మీద ఆమె చేతిరాతే: ‘టీఆర్‌ఎన్‌ఏ లేనిది’.

ఆ ఈస్టులోని ఒక జన్యువు మధ్యలో ‘ఆగు’ అనే సంకేతం ఉంది. ప్రొటీన్ తయారీ అక్కడే ఆగిపోయి ఈస్టు ఎర్రబడుతుంది. రేవతి తయారుచేసిన టీఆర్‌ఎన్‌ఏ అనే అణువు ఆ సంకేతాన్ని దాటిస్తే తెల్లబడుతుంది. పదకొండింటికి చెన్నై నుంచి ఫెలోషిప్ పరిశీలకురాలు ఆనందకుమారి గారొచ్చి, ఒక ప్లేటు తెలుపు, ఒకటి ఎరుపు చూస్తేనే ఫెలోషిప్ మరో ఏడాది. ఇప్పుడు రెండూ తెలుపే.

“మేడమ్, మీ సంతకం ఒకటి కావాల,” అన్నాడు అటెండర్ యెహోషువ, చెత్త రిజిస్టరు పట్టుకుని.

“తర్వాత, అన్నా,” అని ఆమె గైడు విజయభాస్కర్ దగ్గరికి పరిగెత్తింది. “సార్, నా పనైపోయింది.”

ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. “పిచ్చి తల్లీ, నీ టీఆర్‌ఎన్‌ఏ లేకుండానే దాటేసిందే. ఇది ఎవురికీ దొరకలా.”

“ఇంకేదన్నా కలిసిందేమో సార్. మళ్లీ పెంచి చూద్దాం.”

“ప్రిన్సిపాల్ గారికి చెప్పేసినా.”

తొమ్మిదింటికి ప్రిన్సిపాల్ పద్మనాభయ్య క్లాసులు రద్దు చేశాడు. పదింటికి ఇద్దరు విలేకరులు, ఒక శాలువా, ‘ఆగని ఈస్టు: కావలి ఘనత’ అనే బ్యానరు వచ్చాయి. పదిన్నరకు ఈస్టుకు విజయభాస్కర్ పేరు పెట్టాలని తీర్మానించారు. ఆయన మొహమాటపడుతూ ఒప్పుకున్నాడు.

“మేడమ్, సంతకం,” అన్నాడు నిచ్చెనెక్కి ల్యాబు గుమ్మానికి బ్యానరు కడుతున్న యెహోషువ. ఎవరూ వినలేదు.

పదకొండింటికి ఆనందకుమారి ప్లేటు తిరగేసి చూసింది. “పేరు మూత మీద రాశావేమ్మా? మూతలు మారవా?”



“ఇప్పుడన్నా సంతకం పెట్టండి మేడమ్. ఫ్రిజ్జు కింది అరలో ఎర్రది పారెయ్యాల,” అన్నాడు నిచ్చెన మీది మనిషి.

రేవతి ఒక్క పరుగున తెచ్చింది. దానిమ్మ గింజంత ఎరుపు. ఆనందకుమారి దాన్ని టీఆర్‌ఎన్‌ఏ ఉన్న తెల్ల ప్లేటు పక్కన పెట్టి, ఫెలోషిప్ కాగితం మీద సంతకం చేసింది.

విజయభాస్కర్ శాలువా మడిచాడు. “మరి నా పేరు పెట్టిన ఈస్టు ఎవురిదయ్యా?”

యెహోషువ నిచ్చెన దిగాడు.

“మొన్న చూస్తే మేడమ్ ప్లేటు ఎర్రబడి ఉండాది సార్. పిండి ఎర్రబడితే చెడిపోయినట్టే కదా. పెద్దోళ్లొస్తా ఉంటే అది చూపిస్తే మేడమ్ పరువేం గావాల? అందుకే మా ఇంటామె ఎలిశబెతు బన్నులకి తెచ్చుకున్న ఈస్టు వేరే ప్లేటులో పూసి, ఈ మూత పెట్టినా. పాతది సంతకం లేందే పారెయ్యకూడదని దాచినా. పేరు అంటారా, ఆమె పేరే పెట్టండి సార్. ప్యాకెట్టు ఆమెదే.”