సోంబరు తాత నొక్కని లింకు

ఆ రోజు హేమలత పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున్నే సొంత ఊరిని మోసం చెయ్యాలి, భోజనాల వేళకి నిజం చెప్పెయ్యాలి, సాయంత్రం రిపోర్టు రాసుకోవాలి.

ఇందులో పాపమేమీ లేదు, అంతా చదువే. విశాఖపట్నంలో ఆమె సైబర్ సెక్యూరిటీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ఆన్‌లైన్ దొంగలు వేసే ఎరలాంటి ఉత్తుత్తి మెసేజి ఒకటి తెలిసినవాళ్ళకి పంపి, ఎంతమంది లింకు నొక్కుతారో చూసి, ఆ తర్వాత వాళ్ళకి జాగ్రత్తలు నేర్పడం ఆమె ప్రాజెక్టు. ప్రాజెక్టు చూసే లక్ష్మీప్రసాద్ మాస్టారు సరేనంటూనే వేలు చూపించి హెచ్చరించారు. "ఆ రోజే నిజం చెప్పెయ్యాలి. ఒక్క ఫిర్యాదు వచ్చిందా, ప్రాజెక్టు రద్దు. మళ్ళీ ఏడాది చదవాలి." కొండ మీది సొంత ఊరు పనసగుడ నుంచి డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి ఆడపిల్ల హేమలత. ఇంకో ఏడాది అంటే తల్లి ముత్యాలమ్మ కాఫీ తోటలో ఇంకో ఏడాది ఒంటరిగా చాకిరీ చెయ్యాలి.

ఎర ఏం పెట్టాలా అని పెద్దగా ఆలోచించక్కర్లేకపోయింది. లాటరీ అంటే పనసగుడలో ఎవడూ తలెత్తి చూడడు. కానీ కొండ మీద మబ్బులు కమ్ముతున్నాయి, కోసిన కాఫీ పళ్ళు ఇళ్ళముందు మట్టినేల మీదే ఎండుతున్నాయి. అందుకని ఇలా రాసింది: "కాఫీ రైతులకు ఉచిత టార్పాలిన్లు. ఈరోజే మండల గోడౌన్ దగ్గర పంపిణీ. పేరు నమోదుకు ఈ లింకు నొక్కండి." గోడౌన్ సంగతి నమ్మకం కుదరడానికి చేర్చింది. ఆ ఒక్క ముక్కే కొంప ముంచింది.

ఊళ్ళో సిగ్నలు దొరికేది ఊరిపైనున్న పెద్ద బండ మీదే. హేమలత అక్కడికెక్కి, ప్రాజెక్టు కోసం కొన్న కొత్త నంబరు నుంచి ఊరి వాట్సాప్ గ్రూపులోకి మెసేజి వదిలింది. పక్కనే కూతురితో ఫోన్లో మాట్లాడుతున్న సోంబరు తాత జేబు టింగుమంది. సోంబరు ఊరి బారికి. కబురు ఏదైనా ఊరంతా తిరిగి కేకేసి చెప్పడం ఆయన పని.

"గుంటా, ఏటొచ్చిందో కాస్త సదువు," అని ఫోను ఆమె చేతిలోనే పెట్టాడు.

తన అబద్ధాన్ని తానే చదివి వినిపించాల్సి వచ్చింది హేమలతకి. "లింకు నొక్కితే పేరు రాసుకుంటారట తాతా," అని ఆశగా చూసింది.

"నొక్కడమెందుకు? మడిసి ఎదురుగా నిలబడితే పేరు రాసుకోరేటి?" అని తాత చరచరా దిగిపోయాడు.

భేష్, తాత మోసపోలేదు అని రాసుకుంది హేమలత. ఇంకో గంట కూర్చున్నా ఒక్కరూ నొక్కలేదు. ఊరివాళ్ళ తెలివికి మురిసిపోతూ కిందికి దిగింది.

ఊళ్ళో మనిషి లేడు. కాఫీ పళ్ళని కోళ్ళు కాళ్ళతో చిమ్ముతున్నాయి. గుమ్మంలో కూర్చున్న ఓ ముసలమ్మ మాత్రం చెయ్యూపింది. "ఇంకా ఇక్కడే ఉన్నావేటే? గోడౌను కాడ టార్పాలిన్లు ఇస్తన్నారట! సోంబరు కేకేసినాడు. అవతల కొండోళ్ళకీ ఇనపడీలాగ అరిసినాడు. మీ యమ్మ అందరికంటే ముందు ఎల్లిపోనాది. బేగి ఎల్లు!"

హేమలత కొండ దారిలో పరుగెత్తింది. రోడ్డని చెప్పుకునే ఆ రాళ్ళబాటలో రెండుసార్లు బోర్లా పడింది. కింద సిగ్నలు తగలగానే అదే నంబరు నుంచి గ్రూపులో పెట్టింది: "ఆ మెసేజి అబద్ధం. నమ్మకండి. వెంటనే ఇళ్ళకు వెళ్ళిపోండి."

ఆమె గోడౌను చేరేసరికి నాలుగైదు ఊళ్ళ జనం బారులు తీరి ఉన్నారు. మధ్యలో ఆమె అన్న ఫల్గుణ ఫోను పైకెత్తి ఉపన్యాసం ఇస్తున్నాడు. "ఎవడో తెలీనోడు ఎంటనే ఎల్లిపొమ్మంటన్నాడు! తొందరపెట్టే మెసేజి నమ్మొద్దని మా సెల్లి హేమలతే నేర్పింది. ఇది మోసం, ఎవులూ కదలకండి!"

"అన్నా, అది నేనే..." అంటూ హేమలత జనంలోకి దూరబోయింది.

ముత్యాలమ్మ కూతురి రెక్క పట్టుకుని లాగింది. "సదువుకున్నావని మద్దిలో దూరిపోతావేటి? ఎనక్కెల్లి నిలబడు."

ఇక లాభం లేదని హేమలత పక్క తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. గోడౌను అధికారి వరహాలరావు గారు ఫోను ముందేసుకుని చెమటలు కక్కుతున్నారు. ఆ మెసేజి నిజమేనా అని ఫల్గుణ ఆయనకే పంపి అడిగాడట. ఆయన లింకు నొక్కి, పేరు, హోదా, అడగ్గానే ఆఫీసు పాస్‌వర్డు కూడా భక్తిగా సమర్పించుకున్నారు.

హేమలత తలవంచుకుని అంతా చెప్పేసింది. "పాస్‌వర్డు నా దగ్గర నిలవదండి, అయినా ఇప్పుడే మార్చెయ్యండి. తప్పు నాది."

వరహాలరావు గారి మొహం ఎర్రబడింది. "నన్నే బురిడీ కొట్టిస్తావా? మీ కాలేజీకి ఫిర్యాదు వెళ్ళాల్సిందే. ముందు మా పైవారికి చెప్తాను ఉండు!" అని స్పీకరు పెట్టి ఫోను కలిపారు. హేమలతకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఏడాదంతా కళ్ళముందే జారిపోతోంది.

"సార్, ఇక్కడ ఎవరో దొంగ మెసేజి పెట్టి, టార్పాలిన్లు పంచుతున్నామని..."

"ఏంటీ? ఇంకా పంచలేదా?" ఫోనులోంచి పిడుగు పడింది. "దసరాకే ఆర్డరు మెయిల్ చేశాం కదయ్యా! చూడలేదా?"

వరహాలరావు గారు గుటకలు మింగారు. "తెలియని మెయిళ్ళు తెరవొద్దని ట్రైనింగులో చెప్పారు కదండీ... అప్పట్నుంచీ ఏదీ తెరవలేదు."

"చీకటి పడేలోగా స్టాకు ఖాళీ అవ్వాలి!"

ఫోను పెట్టేసి ఆయన తాళంచెవులు తీసి, "ఫిర్యాదా? ఏం ఫిర్యాదు? రా తల్లీ, కట్టలు దింపుదాం," అన్నారు.

సగం పంపకం అయ్యాక హేమలత కట్టల మీదికెక్కి, ఆ మెసేజి తన అబద్ధమేనని అందరికీ గట్టిగా చెప్పింది. నెత్తిమీద టార్పాలిన్ సర్దుకుంటూ ముత్యాలమ్మ అంది: "అబద్దమైతే ఇదేటే మరి?" ఆ సాయంత్రం కుండపోతగా వాన కురిసింది. టార్పాలిన్ కింద కాఫీ పళ్ళు పొడిగా ఉన్నాయి. తల్లీకూతుళ్ళు గుమ్మంలో కూర్చుని వానని చూస్తూ తనివితీరా నవ్వుకున్నారు.

మర్నాడు హేమలత పెద్ద బండ మీదికెక్కి మాస్టారికి ఫోను చేసింది.

"ఎంతమంది నొక్కారమ్మా?"

"ఒక్కరేనండి. గవర్నమెంటు ఆఫీసరు."

"మరి మోసపోయింది?"

"నాలుగైదు ఊళ్ళండి."

మొత్తం విన్నాక మాస్టారు చాలాసేపు నవ్వారు. ఫిర్యాదేమీ రాలేదు కాబట్టి జరిగింది జరిగినట్టే రాయమని, లింకు లేకుండా కేకతో పాకే మోసం గురించి ఎవరూ రాయలేదని, ఆ అధ్యాయం వేరుగా పెట్టమని చెప్పారు. హేమలత తేలికపడిన గుండెతో దిగబోతుంటే సోంబరు తాత ఎదురొచ్చాడు. రాళ్ళబాట ఎక్కి ఆయాసపడుతున్నాడు.

"గుంటా," అన్నాడు ఊపిరి తీసుకుని, "ఈపాలి రోడ్డు మీద ఓ అబద్దం రాయి."