మసక హోటలు, మంచి కళ్ళు

హోటల్లో వెలుతురు ఎంత తక్కువైతే ఊరికి అంత మేలు. ఇది తమాషాకి అంటున్న మాట కాదు. అనుమానం ఉన్నవారు నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద కళ్ళజోళ్ళ కొట్టు నడిపే నౌషాద్‌ని అడగవచ్చు. పోయిన వేసవి దాకా అతని కొట్టుకి రోజుకి ఇద్దరొస్తే గొప్ప. ఆ ఇద్దరిలో ఒకరు ఊడిపోయిన కాడ బిగించమని వచ్చేవారు. రెండోవారు అడ్రసు అడగడానికి వచ్చేవారు.

అతని దశ తిరగడానికి కారణం పక్కనున్న హనుమయ్య హోటలు.

హనుమయ్య ఇరవై రెండేళ్ళుగా అక్కడ భోజనం పెడుతున్నాడు. తెల్లటి ట్యూబులైట్లు, స్టీలు బల్లలు, గోడకి క్యాలెండరు. వచ్చినవాడికి కంచంలో ఏముందో కనపడేది. తినేవాడు, చెయ్యి కడుక్కునేవాడు, పోయేవాడు. ఇందులో నాగరికత ఎక్కడుంది చెప్పండి? ఆ లోటు హనుమయ్యకి కూడా విజయవాడలో బంధువుల విందుకి వెళ్ళేదాకా తెలియలేదు. అక్కడి రెస్టారెంటులో ఎదురుగా కూర్చున్నది సొంత బావమరిదేనా కాదా అన్నది గొంతు విని పోల్చుకోవాల్సి వచ్చింది. అయినా జనం బయట వరస కట్టి నిలబడ్డారు. మర్యాదంతా మసకలోనే ఉందని హనుమయ్య ఆ పూటే తేల్చుకున్నాడు.

పని పద్ధతిగా జరగాలని ప్రశాంతి అనే లైటింగ్ డిజైనర్ని విజయవాడ నుంచి పిలిపించాడు. పొరుగువాడు గనక నౌషాద్ కూడా వెళ్ళి కూర్చున్నాడు. ఆ అమ్మాయి మొదట లైట్ల ఊసే ఎత్తలేదు. ఇక్కడ తినేది ఎవరు, వాళ్ళ వయసెంత, మధ్యాహ్నం ఎక్కువమంది వస్తారా సాయంత్రమా అని అడిగింది. తర్వాత కాగితం మీద గీసి చూపించింది. హాలంతా పరుచుకునే మెత్తని వెలుతురు ఒకటి ఉండాలి. ప్రతి బల్ల మీదా ఒక దీపం వేలాడాలి, దాని కాంతి కంట్లో కాకుండా కంచంలో పడాలి. చేతులు కడుక్కునే చోటికీ, మెట్లకీ దారి చూపించే లైట్లు వేరే కావాలి. గోంగూర గోంగూర రంగులోనే కనపడే బల్బులు తెప్పించాలి. ఎండవేళ వెలుతురు పెంచుకోవడానికి, సాయంత్రం తగ్గించుకోవడానికి రెగ్యులేటర్లు పెట్టాలి. వంటిల్లు మాత్రం ఎప్పుడూ పట్టపగల్లా ఉండాలని రెండుసార్లు చెప్పింది.

హనుమయ్య అన్నిటికీ తలూపాడు. ఆమె బస్సెక్కగానే మొదటిది ఒక్కటే ఉంచి మిగతావన్నీ కొట్టేశాడు. బల్లల మీద దీపాలు వేలాడితే చూడ్డానికి షామియానాలా ఉంటుందని ఆయన అభిప్రాయం. ఆ మిగిలిన ఒక్కదాన్ని కూడా ఇంకాస్త తగ్గించమని ఎలక్ట్రీషియన్‌తో చెప్పి, గోడలకి ముదురు నీలం వేయించాడు.

తెరిచిన వారం నుంచే ఊరికి మేళ్ళు మొదలయ్యాయి. కోర్టులో ఏడేళ్ళుగా పొలం గట్టు కోసం పోట్లాడుకుంటున్న ఇద్దరు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరికొకరు సాంబారు అందించుకున్నారు. మాచర్ల నుంచి వచ్చిన పెళ్ళివారు పక్క బల్ల వాళ్ళని మగపెళ్ళివారనుకుని బతిమాలి మరీ పాయసం పోయించారు. కూరలో ముక్కలు తక్కువయ్యాయనే తగువు పూర్తిగా మాయమైంది. పెళ్ళయి ముప్ఫయ్యేళ్ళయినా రోడ్డు మీద పదడుగుల దూరంలో నడిచే దంపతులు చేతులు కడుక్కునే చోటికి చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళారు. కుటుంబ వ్యవస్థకి ఇంతకన్నా ఎక్కువ సేవ చేసిన హోటలు పల్నాడులో ఇంకొకటుందా?

ఇక నౌషాద్ సంగతి. రాజారత్నం మాస్టారు గురజాలలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఒక మధ్యాహ్నం ఆయన హనుమయ్య హోటల్లోంచి లేచి, మెనూ కార్డు చేత్తో పట్టుకునే నౌషాద్ కొట్లోకి వచ్చారు. ఉన్న కళ్ళజోడుతో అక్షరం ఆనడం లేదని చెప్పారు. నౌషాద్ కుర్చీలో కూర్చోబెట్టి గోడ మీది చార్టు చదవమన్నాడు. మాస్టారు అడుగు వరస దాకా చదివి, దాని కింద చీమంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివారు. మెనూ కార్డు చేతికిస్తే పెసరట్టు నుంచి పాన్ దాకా గడగడా అప్పజెప్పారు. కళ్ళకేమీ కాలేదని నౌషాద్ అన్నాడు. మాస్టారికి కోపం వచ్చింది. అప్పుడు కనపడనిది ఇప్పుడు కనపడుతోందంటే, జబ్బు వచ్చి పోతూ ఉందన్నమాట, అది ఇంకా ప్రమాదం అన్నారు. గుంటూరులో పెద్ద మెషీను ఉన్న చోట చూపించుకుంటానని లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు ముగ్గురొచ్చారు. ఆ పై వారం రోజూ నలుగురైదుగురు. అందరూ భోంచేసి వస్తున్నవాళ్ళే, అందరిదీ మాస్టారి జబ్బే. నౌషాద్ మొదటి నలుగురికీ నిజం చెప్పాడు. నలుగురూ అలిగి వెళ్ళారు. అయిదో ఆయనకి మాత్రం ఏ పవరూ లేని అద్దాలు నల్ల ఫ్రేములో బిగించి ఇచ్చాడు. ఆయన అవి పెట్టుకుని రోడ్డు మీదికి చూసి, ఇన్నాళ్ళకి లోకం కనపడిందని నౌషాద్ రెండు చేతులూ పట్టుకున్నాడు. నిజం చెబితే తిట్లు, ఉత్త గాజు ఇస్తే దండాలు. ఏ వ్యాపారి ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా? నెల తిరిగేసరికి కొట్టుకి కొత్త బోర్డు వచ్చింది, లోపల అద్దాల బీరువా వచ్చింది. హనుమయ్య ఎదురుపడితే నౌషాద్‌కి సొంత అన్నని చూసినట్టుండేది.

ఇంట్లో సాజిదా మాత్రం ఈ వైభవానికి పొంగిపోలేదు. నౌషాద్ భార్య ఆమె. జాకెట్లు కుడుతుంది. మబ్బు పడితే మిషను కిటికీ దగ్గరికి జరుపుకుంటుంది తప్ప కళ్ళని తిట్టుకోదు. బేరాల గురించి అతను సంబరంగా చెబుతుంటే విని, దారం కొరికి, ఒకే మాట అంది.

"లేని జబ్బుకి అద్దాలిస్తన్నారు. ఇంటికి పోయినాక వాళ్ళు ఆ జబ్బు ఉందనుకునే కదా బతికేది."

నౌషాద్ ఆ రోజు టీ తాగకుండానే కొట్టుకి వెళ్ళాడు.

తర్వాత పది రోజులకి మధ్యాహ్నం మూడింటప్పుడు, హోటల్లో జనం పల్చబడ్డాక హనుమయ్యే వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి కుర్చీలో కూర్చున్నాడు. కొన్నాళ్ళుగా ఆయన బండి నడపడం మానేసి నడిచే తిరుగుతున్నాడు. బరువు తగ్గడానికని అందరూ అనుకున్నారు.

"నౌషాదూ, నాకు కనపడటంలా," అన్నాడు. "నిన్న మా చెల్లెలు హోటలుకొచ్చి ఎదురుగా నిలబడితే ఎవరు కావాలమ్మా అన్నా. అది ఏడ్చుకుంటా పోయింది. మా నాయనకి యాభై అయిదుకే చూపు పోయిందిరా. నాకిప్పుడు యాభై నాలుగు."

ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. హోటలు దసరాకల్లా ఎవరికైనా లీజుకి ఇచ్చేద్దామనుకుంటున్నాడట. కోటప్పకొండకి రెండుసార్లు వెళ్ళి మొక్కి వచ్చాడట.

నౌషాద్ పరీక్ష చేశాడు. నమ్మకం చాలక మళ్ళీ చేశాడు. ఆ వయసులో అందరికీ ఉండే చిన్న నంబరు తప్ప ఏమీ లేదు. వెనక బీరువాలో నల్ల ఫ్రేములు వరసగా ఉన్నాయి. ఒకటి తీసి తగిలిస్తే హనుమయ్య భయం కొంతైనా తగ్గుతుంది, హోటలు మసకగానే ఉంటుంది, కొట్టు ఇలాగే నడుస్తుంది. నౌషాద్ చెయ్యి బీరువా దాకా వెళ్ళింది కూడా. ఈలోపు హనుమయ్య, తండ్రిని చివరి రోజుల్లో బాత్రూముకి తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడినని, ఇప్పుడు తనని ఎవరు తీసుకెళ్ళాలో ఆలోచిస్తున్నానని నెమ్మదిగా చెప్పాడు.

నౌషాద్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గోడ మీది చార్టు ఊడదీసి చంకన పెట్టుకుని, హనుమయ్యని హోటల్లోకి తీసుకెళ్ళాడు. స్తంభానికి తగిలించి చదవమన్నాడు. హనుమయ్యకి పైనున్న పెద్ద అక్షరం ఒక్కటే కనపడింది. నౌషాద్ చార్టు తీసి వరండాలోకి తెచ్చాడు. అంతే దూరంలో నిలబడి హనుమయ్య ఆఖరి వరస దాకా చదివాడు. నమ్మలేక తనే చార్టు లోపలికి తీసుకెళ్ళాడు, తనే బయటికి తెచ్చాడు.

చివరికి మెట్టు మీద కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అయితే నా కళ్ళు బాగానే ఉన్నయ్యంటావా?"

"బాగున్నయన్నా. నా దగ్గర అద్దాలు తీసుకున్నోళ్ళ కళ్ళు కూడా బాగానే ఉన్నయి. హోటలే బాగాలా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేందిరా?"

హనుమయ్య నౌషాద్ కొట్టు మీది కొత్త బోర్డు వంక కాసేపు చూశాడు. కోప్పడలేదు. అతని చేతే ప్రశాంతికి ఫోను చేయించాడు.

ఆ అమ్మాయి వచ్చి ఈసారి తను గీసినట్టే దీపాలు పెట్టించింది. పని జరుగుతున్నంతసేపూ తింటున్నవాళ్ళని ఒక ప్రశ్న అడుగుతూ తిరిగింది. చీకటిగా ఉందని మీరు ఎప్పుడైనా ఓనరుకి చెప్పారా? ఒక్కరూ చెప్పలేదు. కొందరు తమకి చూపు తగ్గిందనుకున్నారు. కొందరు ఇంత ఖరీదైన హోటల్లో కనపడకపోతే తప్పు తమదే అయ్యుంటుందనుకున్నారు. చివరికి వంటమనిషి కూడా ఉప్పు గుర్తుపట్టలేకపోవడం వయసు వల్లేననుకున్నాడు.

నౌషాద్ అద్దాలు కొన్నవాళ్ళందరికీ ఫోన్లు చేసి జరిగింది చెప్పాడు, డబ్బు వెనక్కి ఇస్తానన్నాడు. ఇద్దరు వచ్చి తీసుకున్నారు. ఒకరు తిట్టి పెట్టేశారు. మిగతావాళ్ళు ఆ ఫ్రేములో తమకి పెద్దరికం వచ్చిందని, అవి ఇచ్చేది లేదని చెప్పారు.

దీపావళి తర్వాత నౌషాద్, సాజిదా జాకెట్టు గుడ్డల కోసం చిలకలూరిపేట వెళ్ళారు. తిరిగి వస్తూ హైవే పక్కన ఒక కొత్త రెస్టారెంటులో భోజనానికి ఆగారు. పట్టపగలు పన్నెండున్నర. లోపల నల్లటి తెరలు, బల్లకొక కొవ్వొత్తంత వెలుతురు. మెనూ కార్డు వచ్చింది. నౌషాద్ దాన్ని దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. ఊరందరి కళ్ళూ చూసిన మనిషి, ఈ జబ్బు పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన మనిషి, అటూ ఇటూ ఓసారి చూసి, జేబులోంచి కళ్ళజోడు తీసి మెల్లగా పెట్టుకున్నాడు.

సాజిదా అతని వంక చూసింది. తర్వాత చెయ్యెత్తి సర్వరుని పిలిచింది.

"బాబూ, కాస్త లైటెయ్యి."

సర్వరు సరేనమ్మా అని గోడ దగ్గరికి నడిచి స్విచ్చి నొక్కాడు. హాలంతా తెల్లబడింది. ఆరు బల్లల దగ్గర జనం తమ ఫోన్లలో టార్చీలు ఆపుకున్నారు.