బకెట్టు మీద బీరువా

జకర్యా మీద వెంకటప్పయ్యకున్న కోపం న్యాయమైనదే. ఖమ్మంలో కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్న మనిషి, ఎదుటివాడు మొండికేసినప్పుడు ఇంకొంచెం గట్టిగా చెప్పాలి కదా! చెప్పానంటాడు జకర్యా. చదువుకున్నవాళ్లంతా పని చెడ్డాక అలాగే అంటారు.

తొంభై అయిదులో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఏన్కూరు దగ్గరి తమ ఊళ్లో వెంకటప్పయ్య సర్పంచి పదవికి నిలబడ్డాడు. గుర్తు బీరువా. పోటీకి దిగింది బొజ్జయ్య, అతనిది బకెట్టు. ఊళ్లో మూడొంతుల జనం వెంకటప్పయ్య వైపే. ఖమ్మం పోయి కరపత్రాలు అచ్చేయించుకొస్తే చాలు, గెలిచినట్టే.

"బీరువా అంటే లక్ష్మి. బకెట్ల ఏముంటది? నీళ్లు!" అని భార్య పద్మావతమ్మతో చెప్పి, పొద్దున్నే డ్రైవరు రూప్‌సింగ్ తోలే తన జీపెక్కాడు.

ఖమ్మంలో జకర్యా కంప్యూటర్‌లో వెంకటప్పయ్య ఫొటో పెట్టాడు, కింద ఇంగ్లీషు కె అక్షరం కొట్టాడు. దాన్ని గుర్తుల ఫాంటులోకి మార్చగానే తెర మీద నిగనిగలాడే బీరువా నిలబడింది.

"అరె! పిడి గూడ కనపడుతున్నది!" వెంకటప్పయ్య కుర్చీలోంచి లేచాడు.

"మా ఫాంట్ల కె అంటే బీరువా, ఎల్ అంటే బకెట్టు. ఇక్కడ్నే ప్రింటు తీసిస్త పటేలా, ఆ కాయితం ప్రెస్సుకు పట్టుకపోండి. ఫ్లాపీ ఇస్తే వాళ్ల కాడ ఏం ఫాంటున్నదో ఏమో..."

"ప్రింటుకు అలగ్ పైసలు గుంజుతవా? లోపల బీరువా ఉంటే బయటికి బీరువానే వస్తది. ఫ్లాపీ ఇయ్యి!"

ప్రెస్సువాళ్ల కంప్యూటర్‌లో అదే పేరుతో వేరెవరో చేసిన ఫాంటు ఉంది. అందులో కె అంటే బకెట్టు, ఎల్ అంటే బీరువా. ప్రెస్సువాడికి ఈయన గుర్తేమిటో తెలియదు. వచ్చింది వచ్చినట్టే అచ్చేసి ఇచ్చాడు.

పోనీ, కట్ట విప్పి చూశారా? పద్మావతమ్మ చూడనివ్వలేదు. పెళ్లిపత్రికైనా కరపత్రమైనా ముందు భద్రాద్రి రాముడి పాదాల దగ్గర పెట్టాకే విప్పాలని ఆమె పట్టు. పసుపుతాడు కట్టిన కట్ట రూప్‌సింగ్ చేతుల మీదుగా భద్రాచలం పోయి, తిరిగి వచ్చి, ఊరి నడుమ జీపులో తెరుచుకుంది. వెంకటప్పయ్య ఎటూ చూడకుండా రెండు చేతులా విసిరాడు.

కాసేపటికి డప్పులు మోగాయి. బొజ్జయ్య బంతిపూల దండ పట్టుకుని ఉరికొచ్చాడు.

"పటేలా! నీ ఫొటో కింద నా బకెట్టా! నా కోసం తప్పుకున్నవా?"

కరపత్రం చూసిన వెంకటప్పయ్య దాన్ని నలిపి పారేశాడు. రూప్‌సింగ్ మీద విరుచుకుపడ్డాడు.

"కట్ట నీ చేతులనే ఉన్నది. మార్చి పెట్టినవ్! ఎంతకు అమ్ముడుపోయినవ్ రా?"

"రాముని కాడికి తీసుకపోయి తీసుకొస్తిని. నీ జీపు వద్దు, నీ కొలువు వద్దు!" రూప్‌సింగ్ తాళాలు సీటు మీద పడేసి పోయాడు.

మళ్లీ ఖమ్మం. జకర్యా తెర చూపించాడు. అక్కడ బీరువానే ఉంది. దాంతో రూప్‌సింగే దొంగని ఖాయమైపోయింది. కొత్త కరపత్రం తయారైంది. చదువురానివాళ్లకూ తెలిసేలా పైన బకెట్టు బొమ్మ, పక్కన "ఇది కాదు". కింద బీరువా బొమ్మ, పక్కన "ఇదే నా గుర్తు".

"ఈసారన్నా ప్రింటు..." అన్నాడు జకర్యా.

"మీ లొల్లికి మళ్ల నేనే పైసలియ్యాల్నా?" వెంకటప్పయ్య ఫ్లాపీని బనియన్‌లో దోపుకుని అదే ప్రెస్సుకు పోయాడు.

కట్ట చేతికందేసరికి ప్రచారం ముగిసే వేళ. ఇక రాముడూ లేడు, చూసుకోవడమూ లేదు. కొత్త డ్రైవరు తోలుతున్న జీపులోంచి "నా మాట నమ్ముండ్రి!" అని మైకులో అరుస్తూ విసిరాడు. జనం నమ్మారు. బీరువా పక్కన "ఇది కాదు" అని, బకెట్టు పక్కన "ఇదే నా గుర్తు" అని అచ్చయి ఉంది.

బొజ్జయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "రెండుసార్లు అచ్చేయించిండు! ఇసొంటి మనిషిని ఓడగొట్టి నేనేం బాగుపడత? మనోళ్లంతా బీరువాకే గుద్దుండ్రి!"

ఈ కబురు పోలింగు నాడు వెంకటప్పయ్య చెవిన పడింది. రెండో కరపత్రం ఇంకా కంటపడని ఆయన, మొదటిదాని బాధంతా మరిచి తొడ చరిచాడు.

"నావోళ్ల ఓట్లు నాకే, వానోళ్ల ఓట్లూ నాకే! పద్మావతీ, లడ్డూలు తెప్పియ్యి!"

సాయంత్రం లెక్కపెట్టారు. బొజ్జయ్య మనుషులు ఒక్కరూ తప్పకుండా బీరువాకు గుద్దారు. వెంకటప్పయ్య మనుషులు బకెట్టుకు గుద్దారు. మూడొంతుల ఓట్లతో బొజ్జయ్య సర్పంచి అయ్యాడు.

"నాకెందుకు గుద్దలేదుర్రా?" వెంకటప్పయ్య గొంతు చించుకున్నాడు.

"నీ మాట ఎన్నడన్న దాటినమా పటేలా?" అన్నారు వాళ్లు, లడ్డూలు తింటూ.

ఎన్నిక కోసం వెంకటప్పయ్య అమ్ముకున్నది కాలువ కింది మిరపచేను, ఒక ఎకరం పన్నెండు కుంటలు.