ఇచ్ఛాశక్తీ, ఒక పావురమూ

బహ్‌గత్ పొట్ట లోపల, పైభాగాన డాక్టరు ఆపరేషన్ చేసి, తిండి తగ్గడానికి రబ్బరు పట్టీ బిగించి మూడు నెలలైంది. ఈ సంగతి లోకంలో ముగ్గురికే తెలుసని అతని ధీమా: బిగించిన డాక్టరు, బిగించుకున్న తను, ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఏడ్చిన భార్య ఇన్షిరా. టాంటా ఊళ్ళో మిగతా జనానికి మాత్రం ఒకటే మాట చెప్పాడు.

"అంతా ఇచ్ఛాశక్తి!"

పద్దెనిమిది కిలోలు తగ్గిన మనిషి చెబితే ఎవరు కాదంటారు? కాఫీ హోటల్లో లావుపాటివాళ్ళంతా చుట్టూ చేరి వినేవారు. ఇద్దరైతే కాగితం మీద రాసుకున్నారు కూడా.

అసలు బాధ పడేవాడికి తెలుస్తుంది. రెండు చెంచాల పప్పు దిగితే మూడో చెంచా గుమ్మంలోనే నిలబడిపోయేది. రొట్టె సరిగా నమలకపోయాడా, రొమ్ము మధ్య ఇరుక్కుని కళ్ళమ్మట నీళ్ళు, నోటమ్మట నురగ, ఆపైన ఎక్కిళ్ళు. అలాంటప్పుడు "ఫోనొచ్చింది" అంటూ బయటికెళ్ళి, గోడవైపు తిరిగి అరగంట నిలబడేవాడు. అతనికి చాలా పెద్ద వ్యాపారం ఉందని హోటలువాళ్ళు అనుకున్నారు.

ఇన్షిరా అన్నీ ఓర్చుకుంది. ఒకరోజు ఆమె బస్బూసా మిఠాయి ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే అతను తల అడ్డంగా ఊపాడు.

"మనిషన్నాక కాస్త ఇచ్ఛాశక్తి ఉండాలి, నదా వాళ్ళమ్మా."

"ఉండాలి. నీ ఇచ్ఛాశక్తికి కుట్లు విప్పి ఎన్నాళ్ళైందేమిటి?"

"మెల్లిగా! పక్కింటివాళ్ళు వింటారు."

"విననీ. శుక్రవారం మా అన్నయ్య భోజనానికి రమ్మన్నాడు. అక్కడైనా నిజం చెప్పు."

"మీ అన్నయ్యకా? మన నదా నిశ్చితార్థంలో నా కింద కుర్చీ విరిగితే, ఆ ముక్కలు పట్టుకుని పందిరంతా తిప్పినవాడికా? నా పట్టుదలతోనే తగ్గి చూపిస్తానని వందమంది ముందు అన్నాను. ఇప్పుడు పట్టీ అని తెలిస్తే ఆ గడప ఎలా తొక్కను?"

"అయితే తిను."

"తినను. తిన్నట్టు కనిపిస్తాను."

ఉపాయం సిద్ధంగానే ఉంది. పొడుగాటి గలబియా అంగీ లోపలి జేబులో ప్లాస్టిక్ సంచి పెట్టుకోవాలి, ముక్క చేతిలోంచి నోటికి వెళ్తున్నట్టే వెళ్ళి జేబులోకి దిగాలి. గురువారమంతా అద్దం ముందు అభ్యాసం చేశాడు. గలబియా ఇస్త్రీ చేస్తున్న ఇన్షిరా కిమ్మనలేదు. భార్య కిమ్మనకపోతే భయపడాలని పాతికేళ్ళ కాపురంలో కూడా నేర్చుకోలేదు పాపం.

ఇన్షిరా అన్నయ్య మిత్‌వల్లీ ధాన్యం వ్యాపారి, తలుపంత మనిషి. అతని పల్లెలో అతిథి ఆకలితో లేస్తే ఇంటాయన మీసం దించుకుని తిరగాలి. చాప మీద పళ్ళెం నిండా పావురాలు, ఒక్కోదాని కడుపులో గోధుమనూక కూరి ఉంది. బహ్‌గత్ ఒక కాలు విరిచి, అటూ ఇటూ చూసి, జేబులోకి జారవిడిచాడు.

జేబు మూతి కుట్టేసి ఉంది. పావురం కాలు బట్టల్లోపలే అతని మోకాలి దాకా ప్రయాణం చేసి, అంచు కిందనుంచి చాప మీదకి వచ్చింది. కాచుకున్న పిల్లి లాక్కుపోయింది.

"మా ఇంటి తిండి నీ నోటికి పనికిరాలేదా బావా?" అన్నాడు మిత్‌వల్లీ. అందరికంటే పెద్ద పావురాన్ని తీసి అతని ముందు పెట్టాడు. "ఇది ఎముకలయ్యేలోగా నువ్వు ఈ చాప మీంచి లేచావో, నా తఫీదా మీద తలాక్!"

మిత్‌వల్లీ భార్య తఫీదా చేతిలోని గరిటె కింద పడింది.

"తమ్ముడూ, ఇరవై ఏడేళ్ళ కాపురం నీ నోట్లో పెట్టారు. నెమ్మదిగానే తిను. కానీ తిను."

బహ్‌గత్ పావురాన్నీ, తఫీదానీ మార్చి మార్చి చూశాడు. ఒకవైపు తన పరువు, ఒకవైపు ఆమె సంసారం. ఎంత గొప్పలపోతు అయినా అతనిది రాతి గుండె కాదు.

"బావా, నా వల్ల కాదు. నాకు ఇచ్ఛాశక్తీ లేదు, పాడూ లేదు. పొట్టకి పట్టీ వేయించుకున్నాను. రెండు చెంచాలకి మించి పట్టదు."

నవ్వుతాడనుకుని కళ్ళు మూసుకున్నాడు. మిత్‌వల్లీ నవ్వలేదు.

"అయ్యయ్యో, ముందే చెప్పకూడదూ? ఒట్టు నోరు దాటిపోయిందే!"

ఇక తప్పలేదు. గోళీకాయలో సగమంత ముక్క, నలభైసార్లు నమలడం, పదినిమిషాల విరామం, మళ్ళీ ముక్క. మధ్యాహ్నం నమాజు నుంచి సాయంత్రపు అసర్ నమాజు దాకా ఒక రెక్క అయింది. ఎక్కిళ్ళు పట్టుకుంటే తఫీదా వీపు నిమిరింది. ఇరుగుపొరుగు కిటికీల్లోంచి చూసి, ఇంటికెళ్ళి పనులు చేసుకుని, మళ్ళీ వచ్చి చూశారు. ఏ ముక్క ఎక్కడ ఇరుక్కుంటుందోనని బహ్‌గత్ ప్రాణం బిక్కుబిక్కుమంది. అయినా మానలేదు. పొద్దుగుంకే వేళ మగ్రిబ్ పిలుపు వినిపించేసరికి గుప్పెడు ఎముకలు తఫీదా ముందుకి చాచాడు.

"ఇదిగో అక్కయ్యా, నీ కాపురం."

తఫీదా కళ్ళు తుడుచుకుంది. అంతలో మసీదు పెద్దాయన గుమ్మంలో నిలబడి, మిత్‌వల్లీతో "హాజీగారూ, మీ ఒట్టు తాలూకు పదిమంది పేదలూ మధ్యాహ్నమే భోంచేశారు. మిమ్మల్ని దీవించారు" అన్నాడు.

"ఏ పదిమంది?" అన్నాడు బహ్‌గత్.

మిత్‌వల్లీ మెడ గోక్కున్నాడు. "ఒట్టు తప్పితే పదిమందికి అన్నం పెడితే సరిపోతుందట బావా. పొద్దున్నే పురమాయించాను."

"ఒట్టు పెట్టింది మధ్యాహ్నం కదా?"

అందరూ ఇన్షిరా వంక చూశారు.

"ఆపరేషన్ రోజే అన్నయ్యకి ఫోన్ చేశాను. భయమేసింది, ఇంకెవరికి చెప్పుకోను? నీ నోటితో నిజం చెప్పించాలనే ఇవాళ్టి ఒట్టు." అంది ఆమె.

"మరి నేను నిజం చెప్పగానే లెమ్మనాల్సింది కదే!"

"అందామనే అనుకున్నాను. ఇచ్ఛాశక్తి లేదన్నావుగా, నిజంగానే లేదేమో చూద్దామని ఆగాను."

"ఆ పదిమందీ ఏం తిన్నారు?"

"పావురాలే. పావుగంటలో ముగించారట."

బహ్‌గత్ లేవబోతే కాళ్ళు రెండూ తిమ్మిరెక్కి ఉన్నాయి. ఇన్షిరా చెయ్యి అందించింది, అతను పట్టుకున్నాడు.