లిఫ్టు నెత్తిన మీటింగు

ఆ ఆదివారం ఉదయం లిఫ్టు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పనికి వెళుతున్నట్టు ఇంట్లోంచి కదలాలి, తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగుకి చేరాలి, సంగతి వీధిలో ఒక్కరికీ తెలియకూడదు. అందుకే సెలవు రోజైనా యూనిఫాం తొడుక్కుని, పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. ఆ మీటింగు ఎక్కడ జరుగుతుందో భార్యే నలుగురినీ వాకబు చేసి పట్టుకుంది. అతను రెండుసార్లు ఆ గుమ్మం దాకా వెళ్లి, లోపలికి కాళ్లు రాక తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ దారిలో గొంతు కూడా తడుపుకున్నాడు.

"ఇదే ఆఖరు," అంది భార్య, సర్దిపెట్టిన పెట్టె చూపిస్తూ. "ఇవాళ కూడా కల్లబొల్లి కబుర్లు చెప్పారంటే పాపని తీసుకుని అక్క దగ్గరికెళ్లిపోతాను."

"ఒట్టు. వెళ్తాను."

"మీ ఒట్లు తీసి గట్టున పెట్టండి. ముందు బయల్దేరండి."

మీటింగు గది ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది. అతను మెట్ల వైపు అడుగేశాడో లేదో, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి చేతులు పట్టేసుకున్నాడు.

"దేవుడిలా వచ్చారు సార్! ఇప్పుడేగా కంపెనీకి ఫోన్ చేశాను! లిఫ్టు మధ్యలో ఆగిపోయింది, లోపల మనుషులున్నారు!"

అందుకు రాలేదంటే, మరెందుకొచ్చారని అడుగుతాడు. మెకానిక్ తెరిచిన నోరు మూసుకుని మూడో అంతస్తుకెక్కాడు. సంచి తలుపు దగ్గర వదిలి, టార్చీ, స్క్రూడ్రైవరూ పట్టుకుని లిఫ్టు పైకప్పు మీదికి దిగాడు. ఒక తీగ ఊడింది, అంతే. దాన్ని బిగించబోతుండగా కాళ్ల కింద గాలి కన్నాల్లోంచి ఒక పెద్దావిడ గొంతు వినిపించింది.

"ఎవరు బాబూ పైన?"

"మెకానిక్‌నండీ."

"కంగారేం లేదు, నెమ్మదిగా కానీ. ఎలాగూ మా మీటింగు టైమైంది. ఇక్కడే మొదలెట్టేస్తాం."

మెకానిక్ చేతిలో తీగ చేతిలోనే ఉండిపోయింది.

"బడిలో పిల్లల్ని అబద్ధమాడొద్దని తెగ దులిపేసేదాన్ని," అంటోంది ఆవిడ. "నా ఫ్లాస్కులో ఏముందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఓ పిల్ల దాహమేస్తోందని దాని మూత తీసింది. ఆ రోజు నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది."

చీకట్లో ఎవరో ముక్కు చీదారు. ఇంకెవరో, "తర్వాత ఆ పిల్లకేం చెప్పారు టీచర్?" అని అడిగారు. "మందు అని చెప్పాను. అది నిజమేగా!" అంది ఆవిడ. లిఫ్టు ఊగేలా నవ్వారందరూ. మెకానిక్ నిర్ఘాంతపోయాడు. ఇంత సిగ్గుపడాల్సిన మాట ఇలా పైకి చెప్పొచ్చా? చెప్పాక కూడా మనిషి బతికే ఉంటుందా? పైగా నవ్వుతుందా? ఏళ్ల తరబడి లిఫ్టులు బాగుచేస్తున్నా, ఒక లిఫ్టు ముందు చేతులు జోడించాలనిపించడం అతనికి అదే మొదటిసారి.

"నేను... నేను కూడానండీ," అన్నాడు కన్నాల్లోకి వంగి.

లిఫ్టులోంచి అందరూ ఒక్కసారే, "రండి, కూర్చోండి!" అన్నారు.

"కూర్చునే ఉన్నానండీ. మీ నెత్తి మీద."

ఇక అతను చెప్పడం మొదలుపెట్టాడు. పైనుంచి వాచ్‌మన్ ఎంత కేకేసినా చెవికెక్కలేదు. ఉలుకూ పలుకూ లేకపోయేసరికి కరెంటు కొట్టిందనుకుని వాచ్‌మన్ ఫైరింజనుకి ఫోన్ చేశాడు. సంచి మీద రాసి ఉన్న ఇంటి నంబరుకీ చేశాడు. "మీ ఆయన లిఫ్టు రిపేరుకొచ్చారమ్మా, లోపలికి దిగి పలకట్లేదు!"

మెకానిక్ తీగ బిగించి, లిఫ్టును కిందికి పంపి, తాను మెట్లు దిగి వచ్చేసరికి కింద తిరునాళ్లలా ఉంది. వాచ్‌మన్, గొట్టాలతో ఫైరింజనువాళ్లు, కింది అంగళ్లలోవాళ్లు. మధ్యలో, పాప చెయ్యి పట్టుకుని భార్య. అతను క్షేమంగా కనబడగానే ఆమె కళ్లు తుడుచుకుంది. వెంటనే విరుచుకుపడింది.

"మీటింగని చెప్పి రిపేరుకొచ్చారా?"

"లేదే! మీటింగులోనే ఉన్నా! కావాలంటే టీచరుగారిని అడుగు!"

టీచరమ్మ లిఫ్టులోంచి బయటికి అడుగుపెట్టి ఇబ్బందిగా నిలబడింది. "మా మీటింగుకి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో బయట చెప్పం తల్లీ. అది మా కట్టుబాటు."

"అసలీయన మొహం కూడా మేం చూడలేదు," అన్నాడు ఆవిడ వెనకే లిఫ్టు దిగినాయన, ఇంకాస్త సాయం చేద్దామని. అది అక్షరాలా నిజం.

భార్య పాపతో వెనుదిరిగింది.

"ఆగు!" అన్నాడు మెకానిక్. అతని గొంతు భవనమంతా మోగింది. "నేను తాగుబోతుని. మానలేకపోతున్నాను. సాయం కోసం ఇక్కడికొచ్చాను. ఎవరికీ తెలియకూడదని ఈ యూనిఫాం వేసుకున్నాను. అంతే!"

భార్య ఆగింది. ఇన్నేళ్లుగా "కొంచెమే పుచ్చుకున్నా" తప్ప ఇంకో మాట రాని నోటి నుంచి, ఇంతమంది ముందు ఈ మాట! ఆమె అతన్ని కొత్తమనిషిని చూసినట్టు చూసింది. వచ్చి అతని చేతిలోని స్క్రూడ్రైవరు తీసుకుంది.

"పదండి."

"ఇంటికా?"

"పైకి. మీటింగు ఇంకా అవలేదుగా. మేం కింద కూర్చుంటాం."

వాచ్‌మన్ దారి వదిలాడు. ఫైరింజను డ్రైవరు మాత్రం కదల్లేదు. గోడకంటించిన మీటింగు వేళల కాగితం వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

తర్వాతి ఆదివారం ఆ డ్రైవరు హెల్మెట్‌తో సహా మూడో అంతస్తుకొచ్చాడు. మంటెక్కడని ఎవరూ అడగలేదు.